గ్లవ్ బాక్స్ వెనక ఏముందో చూశారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఏసీ గురించే. గాలి రావడం లేదని కొందరు, వాసన వస్తోందని కొందరు, ఫిల్టర్ పేరుతో బిల్లు పెరిగిపోతోందని మరికొందరు. అన్నీ తిరిగి తిరిగి ఒక్క వస్తువు దగ్గరికే చేరుతున్నాయి కాబట్టి ఈ సంచికలో మన శీర్షిక మొత్తం క్యాబిన్ ఫిల్టర్‌కే. మెకానిక్కులు దీన్నే ఏసీ ఫిల్టర్ అంటారు. ఇంజన్‌కు గాలి అందించే ఎయిర్ ఫిల్టర్ వేరు, ఇది వేరు. రెంటినీ కలిపి అడిగినవారి ప్రశ్నలను నేనే విడదీసి ఇస్తున్నాను.

ప్రశ్న: ఏసీ ఫ్యాను నాలుగో నంబరులో పెట్టినా గాలి ముఖానికి తగలడం లేదు. వచ్చే కాస్త గాలీ చల్లగానే ఉంది. మెకానిక్‌కు చూపిస్తే గ్యాసు నింపాలన్నారు. నింపించమంటారా?
– ఓ ఉద్యోగిని

ఆగండమ్మా. మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. వచ్చే గాలి చల్లగా ఉందని మీరే రాశారు. గ్యాసు తగ్గితే గాలి ధారాళంగానే వస్తుంది, చల్లదనం తగ్గుతుంది. మీకు చల్లదనం ఉంది, గాలి లేదు. అంటే దారిలో ఏదో అడ్డు పడింది.

ఆ దారి ఇలా ఉంటుంది. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఉన్న జాలీ గుండా బయటి గాలి లోపలికి వస్తుంది. డ్యాష్‌బోర్డు లోపలి బ్లోయర్ దాన్ని లాగి, చల్లబరిచే కాయిల్ మీదుగా మీ వైపు తోస్తుంది. ఈ దారిలో కాయిల్ కంటే ముందే ఫిల్టర్ కూర్చుని ఉంటుంది. అది దుమ్ముతో పూడుకుపోతే బ్లోయర్ ఎంత వేగంగా తిరిగినా చప్పుడే పెరుగుతుంది, గాలి పెరగదు. నంబరు పెంచుతుంటే హోరు పెరుగుతోందా, గాలి మాత్రం అంతే ఉందా? అయితే నూటికి తొంభై పాళ్లు ఫిల్టరే.

దీన్ని తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఫిల్టర్ బయటికి తీసి, ఆ అరలోని చెత్త శుభ్రంగా తుడిచి, ఒక్క నిమిషం ఫ్యాను తిప్పి చూడండి. గాలి ఒక్కసారిగా ముఖాన కొడితే దొంగ దొరికినట్టే. అప్పటికీ పేలవంగానే వస్తే బ్లోయర్ మోటారు, దాని వేగాన్ని మార్చే రెసిస్టరు, డ్యాష్‌బోర్డు లోపల గాలిని మళ్లించే చిన్న తలుపులు వంటివాటి మీద అనుమానపడాలి. అది మెకానిక్ పని.

మరో లక్షణం కూడా చెబుతాను. బయలుదేరిన కాసేపటి వరకు గాలి పర్వాలేదనిపించి, దూరం వెళ్లేకొద్దీ తగ్గిపోయి, ఏసీ కాసేపు ఆపి మళ్లీ వేస్తే బాగుపడుతోందా? అయితే కాయిల్ మీద మంచు పేరుకుంటోంది. కాయిల్ మీదుగా చాలినంత గాలి పోకపోతే దాని మీద చేరిన తేమ గడ్డకడుతుంది, ఆ గడ్డ మిగిలిన దారిని కూడా మూసేస్తుంది. గ్యాసు తగ్గినప్పుడు కూడా ఇలా జరగవచ్చు. అయినా ముందు చూడాల్సింది ఫిల్టరే, ఎందుకంటే అది మీరే చూసుకోగలరు. ఇంకో మాట. ఏసీ గ్యాసు పెట్రోలులా వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. బాగా తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. కారే చోటు వెతకకుండా ఊరికే నింపుతామనే వారి దగ్గరికి రెండోసారి వెళ్లకండి.

ప్రశ్న: ఫిల్టర్ నేనే మార్చుకోవచ్చా? ఎక్కడ ఉంటుందో కూడా తెలియదు. చేతికి పని తెలిసిన మనిషినే, కానీ కారు జోలికి ఎప్పుడూ పోలేదు.
– ఓ రిటైర్డ్ ఉపాధ్యాయుడు

తప్పకుండా మార్చుకోవచ్చు మాస్టారూ. కారులో యజమాని సొంతంగా చేసుకోదగ్గ పనులు నానాటికీ తగ్గిపోతున్నాయి. మిగిలిన కొద్దిపాటి పనుల్లో ఇదొకటి, దీన్ని వదులుకోవద్దు.

ఎక్కువ కార్లలో ఇది గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. కొన్నింటిలో బానెట్ ఎత్తితే అద్దం అడుగున ప్లాస్టిక్ మూత కింద, మరికొన్నింటిలో డ్యాష్‌బోర్డు అడుగున కాళ్లు పెట్టుకునే చోట ఉంటుంది. మీ కారుతో ఇచ్చిన పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. గ్లవ్ బాక్స్ రకం గురించి వివరంగా చెబుతాను.

ముందు ఇంజన్ ఆపి తాళం తీసేయండి. బ్లోయర్ తిరుగుతుండగా ఫిల్టర్ లాగితే దాని మీదున్న ఆకు ముక్కలు ఫ్యాను రెక్కల్లో పడతాయి, ఆ తరువాత ఫ్యాను వేసినప్పుడల్లా టకటకమంటూ చప్పుడు. గ్లవ్ బాక్స్‌లోని కాగితాలూ కళ్లజోళ్లూ అన్నీ బయట పెట్టండి. తలుపు దబ్బున కింద పడకుండా పక్కన సన్నని ప్లాస్టిక్ కడ్డీయో, తాడో ఉంటుంది. దాన్ని కొక్కెం నుంచి తప్పించండి. ఇక పెట్టె పక్క గోడలు రెంటినీ అరచేతులతో లోపలికి నొక్కండి. అంచుల్లో అడ్డుపడే బొడిపెలు తప్పుకొని పెట్టె పూర్తిగా కిందికి వాలిపోతుంది. వాలకపోతే బలం చూపించకండి, ఎక్కడో స్క్రూ ఉందని అర్థం. ప్లాస్టిక్ బిగుసుకుపోయే చలి వేళల్లో ఈ పని పెట్టుకోవద్దు, బొడిపెలు విరుగుతాయి. అక్కడ పసుపు రంగు వైర్లు, కనెక్టర్లు కనిపిస్తే వాటిని ముట్టుకోవద్దు. అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

వెనక అడ్డంగా, సన్నగా, పొడవుగా ఒక మూత కనిపిస్తుంది. రెండు చివర్లా ఉన్న క్లిప్పులు నొక్కి లాగితే వచ్చేస్తుంది. దాని వెనకే ఫిల్టర్ అంచు. లాగే ముందు ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. ఆ తరువాత నిదానంగా, సమంగా, చెత్త లోపలికి జారకుండా బయటికి తీయండి. మధ్యలో అడ్డం తగిలితే అంచును కాస్త వంచవలసి రావచ్చు. కొన్ని కార్లలో రెండు ముక్కలుగా ఉంటుంది. మొదటిది తీశాక రెండోదాన్ని పక్కకో కిందికో జరిపి లాగాలి. ఒక్కటే తీసి, అయిపోయిందనుకుని, రెండోదాన్ని ఏళ్ల తరబడి అలాగే ఉంచేసిన కార్లు నా దగ్గరికి చాలానే వచ్చాయి.

తీసిన ఫిల్టర్‌ను రెండు వైపులా తిప్పి చూడండి. ఒక వైపు తెల్లగానో లేత బూడిద రంగులోనో ఉంటుంది, రెండో వైపు మడతల మధ్య నల్లని మసి, ఎండుటాకుల పొడి, పురుగుల రెక్కలు, జుట్టు. గాలి వచ్చే వైపే మురికి చేరుతుంది. తెల్లని వైపు మాత్రమే చూసి ‘ఇంకా బాగానే ఉంది’ అనుకునేవారు ఎక్కువ.

ఈ మురికే మీకు ఇంకో మేలు చేస్తుంది. కొత్త ఫిల్టర్ అంచు మీద గాలి పోయే దిశకు బాణం గుర్తు ఉంటుంది. కారులో గాలి ఎటు నుంచి ఎటు పోతుందో తెలియక చాలామంది ఇక్కడే తడబడతారు. పాత ఫిల్టర్‌ను ఎవరైనా తిరగేసి పెట్టి ఉండవచ్చు కాబట్టి దాని మీది బాణాన్ని నమ్మడానికి లేదు. దాని మురికిని నమ్మవచ్చు. ఎలా పెట్టినా గాలి వచ్చే వైపే మురికి పడుతుంది. తీసేటప్పుడు మురికి వైపు పైకి ఉంటే గాలి పై నుంచి కిందికి పోతున్నట్టు, కొత్తదాని బాణం కిందికి ఉండాలి. కొన్ని ఫిల్టర్ల మీద ‘అప్’ అని రాసి బాణం వేసి ఉంటుంది. అది గాలి దిశ కాదు, ఆ అంచు పైకి ఉండాలని మాత్రమే.

దిశకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, చాలా ఫిల్టర్లలో ముతక పొర ముందు, సన్నని పొర తరువాత ఉంటాయి. తిరగేస్తే పెద్ద చెత్త కూడా సన్నని పొర మీదే పడి అది త్వరగా పూడుకుపోతుంది.

కొత్తది పెట్టేముందు ఆ అరను తడిగుడ్డతో తుడవండి. మూత క్లిప్పులు రెండూ టక్కుమన్నాకే గ్లవ్ బాక్స్ ఎత్తండి. మూత సరిగా కూర్చోకపోతే గాలి ఫిల్టర్ గుండా పోకుండా సందులోంచి పోతుంది. తొలిసారి అరగంట పట్టినా పట్టవచ్చు. రెండోసారి మీరే ఇంకొకరికి నేర్పుతారు.

ప్రశ్న: ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి? ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారు.
– ఓ పాఠకుడు

కారు పుస్తకాల్లో సాధారణంగా 15,000 నుంచి 30,000 కిలోమీటర్ల మధ్య ఏదో ఒక అంకె, లేదా ఏడాది నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. ఏది ముందొస్తే అది. మట్టి రోడ్లు, కట్టడాల పనులు జరిగే చోట్ల తిరిగే కారుకు అందులో సగం అనుకోండి. అసలు మాట ఏమిటంటే, ఆరు నెలలకోసారి తీసి చూడండి. మీ ఫిల్టర్ ఎన్ని కిలోమీటర్లు వస్తుందో మీ రోడ్లకే తెలుసు. ఎక్కువ కాలం కదలకుండా ఉన్న కారుకు కిలోమీటర్ల లెక్క పనికిరాదు. తేమకు ఫిల్టర్ చివికి వాసన పడుతుంది. ఏడాదికి ఒకసారి మార్చేయడమే మంచిది.

ప్రశ్న: ప్రతి సర్వీసుకూ ‘ఏసీ ఫిల్టర్ మార్చాం’ అని బిల్లులో వేస్తున్నారు. నిజంగా మార్చారో లేదో తెలుసుకునేదెలా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు

సర్వీసుకు ఇచ్చే ముందు రోజు ఫిల్టర్ తీసి, దాని అట్ట అంచు మీద పెన్నుతో తేదీ, కిలోమీటర్లు రాసి మళ్లీ పెట్టేయండి. కారు ఇంటికొచ్చాక తీసి చూడండి. మీ రాత మీకే కనిపిస్తే ఆ ఫిల్టర్‌ను చేత్తో పట్టుకుని వెళ్లి మాట్లాడండి. అంత దూరం వద్దనుకుంటే, పాత ఫిల్టర్ నాకు ఇవ్వాలని కారు అప్పగించేటప్పుడే జాబ్ కార్డు మీద రాయించండి. ఈ ఒక్క వాక్యం చాలా బిల్లులను సరిచేస్తుంది. అయితే అందరినీ అనుమానించవద్దు. కార్బన్ రకం ఫిల్టర్ కొత్తగా ఉన్నప్పుడే బూడిద రంగులోనో నల్లగానో ఉంటుంది. దాన్ని చూసి పాతదే పెట్టారని గొడవకు దిగినవారు కూడా ఉన్నారు.

ప్రశ్న: ఫిల్టర్‌ను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి వాడుతున్నాను. చూడటానికి కొత్తదానిలాగే ఉంది. నష్టమేమైనా ఉందా?
– ఓ గృహిణి

చూడటానికి కొత్తగానే ఉంటుంది, పనిలో మాత్రం కాదు. ఈ ఫిల్టర్ వల కాదు. వలలో రంధ్రం కంటే పెద్దది ఆగుతుంది, చిన్నది పోతుంది. ఇది చిక్కుపడిన సన్నని కృత్రిమ పోగుల పొర. పుప్పొడి వంటి పెద్ద రేణువులు గాలితో పాటు మలుపు తిరగలేక పోగులకు గుద్దుకుని అక్కడే ఉండిపోతాయి. మరీ చిన్నవి అటూ ఇటూ కదులుతూ ఏదో ఒక పోగుకు అంటుకుంటాయి. ఈ రెండింటికీ మధ్యలో, 0.3 మైక్రాన్ల దరిదాపుల్లో ఉండేవి పట్టుకోవడం అన్నింటికంటే కష్టం. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తుంచుకుంటే అవెంత చిన్నవో అర్థమవుతుంది. అలాంటివాటిని లాగి పట్టుకోవడానికే చాలా ఫిల్టర్ల పోగులకు తయారీలోనే విద్యుదావేశం ఇస్తారు. సబ్బునీళ్లు తగిలితే ఆ ఆవేశం పోతుంది. మిగిలేది పెద్ద దుమ్మును మాత్రమే ఆపే గుడ్డ. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే సన్నని ధూళి దాని గుండా నిక్షేపంగా వచ్చేస్తుంది. పైగా మడతల మధ్య తడి పూర్తిగా ఆరకపోతే బూజు.

కంప్రెసర్ గాలితో ఊదడమూ అంతే. పోగులు విడిపోయి సందులు పడతాయి. కొత్తది దొరికేదాకా ఆకులు, పురుగులు రాలేలా నేల మీద నెమ్మదిగా తట్టి వాడుకోండి, అంతవరకే. కడిగి వాడుకోవచ్చని తయారీదారే రాసి అమ్మే రకాలు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి వేరు.

ప్రశ్న: మామూలు ఫిల్టర్, కార్బన్ ఫిల్టర్, ఇప్పుడేమో ‘హెపా’ అంటున్నారు. ఏది కొనాలి?
– ఓ విద్యార్థి

మామూలుది దుమ్మును ఆపుతుంది. కార్బన్ రకంలో దానికి తోడు యాక్టివేటెడ్ కార్బన్ పొర ఉంటుంది. వాహనాల పొగలోని నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్, ఘాటైన ఆవిర్లను అది చాలావరకు పీల్చుకుంటుంది. రద్దీ రోడ్ల మీద రోజూ తిరిగేవారు కార్బన్ రకమే కొనండి, నా ఓటు దానికే. ఒక చిక్కు ఉంది. దుమ్ము కంటికి కనిపిస్తుంది, కార్బన్ నిండిపోవడం కనిపించదు. పైకి శుభ్రంగా ఉన్నా వాసనలు మళ్లీ మొదలైతే దాని పని అయిపోయినట్టే. అందుకని తీసి చూసే పద్ధతి దీనికి సగమే పనిచేస్తుంది, గడువు ప్రకారం మార్చాల్సిందే.

ఇక హెపా. 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని ఆపితేనే ఆ పేరుకు అర్హత. అంత దట్టమైన పొర గుండా గాలి పోవాలంటే ఫిల్టర్ చాలా విశాలంగా ఉండాలి. 2015లో వచ్చిన టెస్లా మోడల్ ఎక్స్‌లో ఆ స్థాయి ఫిల్టర్ పెట్టారు, అది మామూలు క్యాబిన్ ఫిల్టర్ కంటే ఎన్నో రెట్లు పెద్దది. మీ చిన్న కారు అరలో పట్టే పాత కొలతలోనే హెపా అని అమ్ముతున్నారంటే, ఒకటి గాలి తగ్గుతుంది, లేదా పేరు మాత్రమే హెపా. అట్టపెట్టె మీద పేరు కంటే పరీక్ష వివరాలు చూడండి. క్యాబిన్ ఫిల్టర్ల పరీక్షకు ఐఎస్‌ఓ 11155 అనే ప్రమాణం ఉంది.

ప్రశ్న: ఏసీ వేయగానే ఆరని బట్టల వాసన వస్తోంది. కొత్త ఫిల్టర్ వేశాను, నాలుగు రకాల సెంట్లు తగిలించాను. నాలుగు రోజులు బాగుండి మళ్లీ మామూలే.
– ఓ పాఠకురాలు

ముందు ఆ సెంట్లు తీసేయండి. వాసన మీద ఇంకో వాసన కప్పితే రెండూ కలిసి తలనొప్పి తెస్తాయి.

మీ వాసన ఫిల్టర్‌లో లేదు, కాయిల్ మీద ఉంది. ఏసీ నడుస్తున్నంతసేపూ కాయిల్ మీద నీరు పడుతుంది. ఆ నీరు ఒక చిన్న గొట్టం ద్వారా కారు కింద చుక్కలుగా పడిపోవాలి. ఇంజన్ ఆపగానే చీకట్లో తడి కాయిల్, దాని మీద కాస్త దుమ్ము. బూజుకు ఇంతకంటే ఏం కావాలి! కాయిల్ శుభ్రం చేసే నురుగు మందు ఉంటుంది, దాన్ని మెకానిక్ చేత కొట్టించండి. కొత్త ఫిల్టర్ ఆ తరువాతే. ముందు వేస్తే కొత్తదానికీ అదే కంపు పడుతుంది.

ఆ తరువాత ఒక అలవాటు చేసుకోండి. గమ్యం చేరడానికి కొన్ని నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపి, ఫ్యాను మాత్రం నడవనివ్వండి. కాయిల్ ఆరుతుంది. కారు కింద నీటి చుక్కలు పడటం మానేసినా, ముందు సీటు కింద కార్పెట్ తడిగా తగిలినా ఆ గొట్టం పూడుకుందని అర్థం. దాన్ని వెంటనే శుభ్రం చేయించండి.

ప్రశ్న: నేను ఎప్పుడూ లోపలి గాలే తిరిగే బటన్ నొక్కి ఉంచుతాను. బయటి గాలే రానప్పుడు ఫిల్టర్ ఎందుకు?
– ఓ పాఠకుడు

చాలా కార్లలో లోపలి గాలి కూడా ఫిల్టర్ గుండానే తిరుగుతుంది. మీ బట్టలు, చెప్పులు, సీట్ల దుమ్ము అంతా అందులోనే చేరుతుంది. ఫిల్టర్ అద్దం అడుగున ఉండే కొన్ని కార్లలో మాత్రం అది బయటి గాలికే.

మీరు అడగని సంగతి ఇంకొకటి. తలుపులన్నీ బిగించి, నలుగురు కూర్చుని, లోపలి గాలే తిప్పుకుంటూ పోతే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. దాన్ని ఏ ఫిల్టరూ తీసేయలేదు. దూర ప్రయాణంలో డ్రైవరుకు మత్తుగా అనిపించడానికి అదొక కారణం. పొగ చిమ్మే లారీ వెనక పడ్డప్పుడు ఆ బటన్ నొక్కండి, దాటాక తీసేయండి. అద్దాలకు లోపల ఆవిరి పట్టినా మొదట తీయాల్సింది అదే బటన్.

ప్రశ్న: కారు ఆగి ఉన్నప్పుడు లోపల పొగ వాసన వస్తోంది. కార్బన్ ఫిల్టర్ వేస్తే పోతుందా?
– ఓ పాఠకుడు

ఫిల్టర్ కొనకండి. కారు మెకానిక్ దగ్గరికి చేర్చండి, వెళ్లేటప్పుడు అద్దాలన్నీ దించి ఉంచండి. పక్క వాహనాలేవీ లేనప్పుడు కూడా వాసన వస్తోందంటే అది మీ కారు పొగే. పొగతో పాటు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కార్బన్ ఫిల్టర్ దాన్ని ఆపలేదు. ఫిల్టర్ వాసనను మాత్రం మింగేసి మీకున్న ఒక్క హెచ్చరికనూ లేకుండా చేస్తుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం అనిపిస్తే వెంటనే కారు ఆపి బయటికి రండి. ఇంజన్ దగ్గర పొగ గొట్టం కీళ్లు, గాస్కెట్లు, సైలెన్సర్, వెనక తలుపు రబ్బర్లు అన్నీ చూపించండి. మూసి ఉన్న గ్యారేజీలో ఇంజన్ నడుపుతూ ఎప్పుడూ కూర్చోవద్దు.

ప్రశ్న: ఫిల్టర్ తీస్తే ఎలుక కొరికిన ముక్కలు, పెంటికలు కనిపించాయి. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు

ఊదవద్దు, పొడిగా ఊడ్చవద్దు. ఆ ధూళి పీలిస్తే జబ్బులు రావచ్చు. మాస్కు, గ్లవ్స్ వేసుకుని, క్రిమిసంహారక ద్రవంతో తడిపి, తడిగానే తుడిచి తీయండి. బ్లోయర్ లోపల గూడు ఉందేమో మెకానిక్‌తో చూపించండి. వైపర్ల కింద గాలి దారికి సన్నని ఉక్కు జాలీ బిగిస్తే మళ్లీ రాదు. కారులో ఎలుకల మందు మాత్రం పెట్టకండి. చేతికందని గొట్టంలో చచ్చిన ఎలుకను వెతకడానికి డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాల్సి వస్తుంది.

ప్రశ్న: క్యాబిన్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుందా?
– ఓ పాఠకుడు

పెరగదు. ఇంజన్‌కూ దానికీ సంబంధం లేదు.

ప్రశ్న: పాత కారు కొన్నాను. మూత తీస్తే లోపల ఫిల్టరే లేదు. అంగడిలో తెచ్చినది కొంచెం పెద్దదిగా ఉంది. మడిచి తోయవచ్చా?
– ఓ పాఠకుడు

వద్దు. మడిచినచోట పొర చిట్లుతుంది, పక్కన సందు పడుతుంది. గాలి ఆ సందులోంచే పోతుంది. మోడల్‌తో పాటు తయారైన సంవత్సరం కూడా చెప్పి అడగండి. ఒకే పేరుతో వచ్చిన కారుకు మధ్యలో ఫిల్టర్ కొలత మారిపోయిన సందర్భాలు ఉన్నాయి. అర పొడవు, వెడల్పు, లోతు మిల్లీమీటర్లలో కొలిచి కాగితం మీద రాసుకుని వెళ్లండి. కొత్తది పెట్టేముందు ఒక టార్చిలైటు వేసి బ్లోయర్ వైపు చూడండి. ఇన్నాళ్లు ఫిల్టర్ లేకుండా తిరిగిన కారు కాబట్టి రెక్కల మధ్య ఆకులు, కాయిల్ మీద మెత్తటి దుమ్ము దుప్పటిలా పట్టి ఉంటాయి. ముందు అవి శుభ్రం చేయించండి, ఫిల్టర్ ఆ తరువాత.